పక్క వరుస

రెండు వరుసలున్న చోట మనం నిలబడింది ఆగిపోతుంది, పక్కది కదులుతుంది. రైల్వే స్టేషన్లో టికెట్ల కిటికీ దగ్గరైనా, సూపర్ మార్కెట్ బిల్లింగ్ దగ్గరైనా, టోల్ గేటు దగ్గరైనా ఇదే తంతు. మనతోపాటే వచ్చి పక్కన చేరిన చారల చొక్కా ఆయన ఇప్పుడు చూస్తే నలుగురు ముందున్నాడు. ఉండబట్టలేక అటు మారామా, ఇంతసేపూ మొరాయించిన పాత వరుస చకచకా నడక మొదలుపెడుతుంది. దీన్ని తలరాత అనుకునేవాళ్లున్నారు, కౌంటర్లో కూర్చున్న మనిషి చేతకానితనం అనుకునేవాళ్లున్నారు. నిజానికి దీనికి చాలా చిన్న జవాబుంది. ఒకదానికొకటి తీసిపోని మూడు వరుసలుంటే, మనం ఎంచుకున్నదే అన్నిటికన్నా ముందు కదిలే అవకాశం మూడింట ఒక వంతు. మిగిలిన రెండు వంతులూ పక్కవాటివే. అంటే మూడుసార్లలో రెండుసార్లు మన విసుగు నిజమైనదే, దాని వెనక మాత్రం ఎవరి కుట్రా లేదు. అటూ ఇటూ నిలబడ్డవాళ్లకూ సరిగ్గా ఇదే విసుగు.

బస్టాపులో కథ ఇంకాస్త లోతుగా ఉంటుంది. పది నిమిషాలకొక బస్సు అన్నారు కాబట్టి సగటున అయిదు నిమిషాలు నిలబడితే చాలనుకుంటాం. బస్సులు గడియారం ముల్లులా నడిస్తేనే ఆ లెక్క చెల్లుతుంది. దారిలో జరిగేది వేరు. ముందు బస్సు ఏ సిగ్నల్ దగ్గరో కాస్త ఆలస్యమవుతుంది. ఆలస్యమైనకొద్దీ తర్వాతి స్టాపుల్లో జనం పోగవుతారు, వాళ్లందరూ ఎక్కేసరికి అది ఇంకా వెనకపడుతుంది. వెనక బస్సుకు ఎక్కేవాళ్లు తక్కువ కాబట్టి అది దీన్ని అందుకుంటుంది. చాలాసేపు ఒక్కటీ రాకుండా, వస్తే రెండు ఒకదాని తోక పట్టుకుని ఒకటి రావడం అందువల్లే. ఒక ఎడం 5 నిమిషాలు, తర్వాతిది 15 నిమిషాలు అనుకుందాం. సగటు ఎడం ఇప్పటికీ పదే. మరి ఈ ఇరవై నిమిషాల్లో మనం ఎప్పుడు స్టాపుకు చేరతాం? నాలుగింట మూడు వంతులు ఆ 15 నిమిషాల ఎడంలోనే వచ్చి పడతాం, పొడుగ్గా ఉన్నది అదే కాబట్టి. కట్టి చూస్తే సగటు ఎదురుచూపు 6 నిమిషాల 15 సెకన్లు. ఎడాలు ఇంకా ఎగుడుదిగుడైతే అది పది నిమిషాలకు చేరుతుంది, దాటుతుంది కూడా. డిపోలో కూర్చుని బస్సులు లెక్కపెట్టేవారి సగటు ఒకటి, స్టాపులో సంచీతో నిలబడ్డ మనిషి అనుభవించే సగటు ఇంకొకటి. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకరు బస్సుల్ని లెక్కపెడుతున్నారు, ఇంకొకరు నిమిషాల్ని.

నిత్యజీవితంలో గణితం అనగానే కూడికలూ తీసివేతలూ గుర్తుకొస్తాయి: కూరల బేరం, చిల్లర, నూటికి రెండు రూపాయల వడ్డీ. అవి అవసరమే. అంతకన్నా ముందు ఇంకో మెట్టుంది. ఏది లెక్కపెట్టాలో తేల్చుకోవడం. ఇబ్బంది ఎక్కడుందని మన కళ్లకు తోస్తుందో అక్కడ అది చాలాసార్లు ఉండదు. ఎదురుచూపు కనబడగానే పనిచేసే చేతుల వేగం మీదికి చూపు పోతుంది. అసలు కారణం రాకపోకల ఎగుడుదిగుళ్లలోనూ, వాటిని తట్టుకునే ఖాళీ లేకపోవడంలోనూ ఉంటుంది. రోజువారీ పనుల్లో గణితాన్ని చూడడం మన భాషకు కొత్తదేమీ కాదు. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాస్తూ లోకంలో గణితం అక్కరకొచ్చే చోట్లను వరసగా చెప్పుకొచ్చాడు. అర్థశాస్త్రం, వైద్యం, వాస్తు, సంగీతం, నాటకం, వాటి మధ్యలో వంట. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. వంటను ఆ జాబితాలో చేర్చడం పొగడ్త కోసమేనా? పొద్దున్న ఏడున్నరకల్లా నాలుగు క్యారేజీలు సర్దాల్సిన వంటింటిని చూస్తే అలా అనిపించదు. రెండు పొయ్యిలు, ఒక జత చేతులు. ముందు ఎసరు పెట్టి, అది మరిగేలోపు కూర తరిగి, కుక్కర్లో పప్పు కూతలు వేస్తుండగా పోపు సామాను తీసిపెట్టుకునే మనిషి ఏం చేస్తోంది? తన చేయి అక్కర్లేకుండా తనంతట తాను సాగే పనిని అన్నిటికన్నా ముందు మొదలుపెట్టి, చేయి తప్పనిసరైన పనుల్ని దాని నీడలో ముగిస్తోంది. కూర తరగడం అయ్యాక ఎసరు పెడితే వంట మొత్తం పావుగంట వెనక్కి పోతుంది, పని మాత్రం ఒక్క పిసరు కూడా పెరగదు. పెద్ద నిర్మాణ పథకాల్లో ఇంజనీర్లు ఈ సంగతినే గీతలూ బాణాలూ గీసి తేల్చుకుంటారు.

ఎదురుచూపుల గణితం మొదలైంది కోపెన్‌హాగెన్‌లో. అగ్నర్ ఎర్లాంగ్ అనే డేనిష్ గణితజ్ఞుడు, అంతకుముందు బడిపంతులు, 1908లో ఆ నగరపు టెలిఫోన్ కంపెనీలో చేరాడు. ఎన్ని తీగలు వేస్తే, ఎంతమంది ఆపరేటర్లను కూర్చోబెడితే ఊరికి సరిపోతుంది? 1909లో ఆయన అచ్చువేసిన వ్యాసం ముందుగా పిలుపులు ఎలా వస్తాయన్నది పట్టుకుంది. ఎవరికి వారు తమ అవసరాన్ని బట్టి ఫోన్ చేస్తారు, ఒకరి పిలుపుకూ ఇంకొకరి పిలుపుకూ పొత్తు లేదు. అలాంటి రాకలు సమంగా పరుచుకోవు, గుంపులు కడతాయి. సగటున నిమిషానికి ఒక మనిషి వచ్చే కౌంటరు దగ్గర నూరు నిమిషాలు కూర్చుని చూడండి. సుమారు 37 నిమిషాల్లో ఎవ్వరూ రారు. ఇంకో 37 నిమిషాల్లో ఒక్కొక్కరే వస్తారు. మిగిలిన 26 నిమిషాల్లో ఇద్దరో ముగ్గురో అంతకన్నా ఎక్కువమందో ఒకేసారి వచ్చిపడతారు. ఎవరూ కూడబలుక్కోలేదు, ముహూర్తమేదీ లేదు. యాదృచ్ఛికం అంటే ఎగుడుదిగుడే. సమంగా రావాలంటేనే ఎవరో ఒకరు పూనుకుని ఏర్పాటు చేయాలి.

దీన్ని ఆస్పత్రి ఓపీకి తీసుకువెళ్లి చూద్దాం, ఎందుకంటే అక్కడ నిమిషాలకు బరువుంటుంది. ఒక డాక్టరుకు రోగిని చూడడానికి సగటున 5 నిమిషాలు పడుతుందనుకోండి. కొందరికి రెండు నిమిషాలు, కొందరికి పావుగంట. అంటే గంటకు 12 మందిని చూడగలరు. రాకలకూ చూసే సమయానికీ ఒక క్రమమంటూ లేనప్పుడు, గంటకు ఆరుగురు వస్తుంటే గది బయట సగటు నిరీక్షణ 5 నిమిషాలు. తొమ్మిదిమంది వస్తుంటే 15 నిమిషాలు. పదకొండుమంది వస్తుంటే? మామూలు లెక్కన ఇరవై నిమిషాలనిపిస్తుంది. జవాబు 55 నిమిషాలు. ఇద్దరంటే ఇద్దరు పెరిగినందుకు నిరీక్షణ నాలుగింతలకు చేరువైంది. ఇక్కడ కాసేపు ఆగి చూడాల్సిన సంగతి ఒకటుంది. గంటకు పదకొండుమందినే చూస్తున్న ఆ డాక్టరుకు ఇంకా గంటలో 5 నిమిషాల తీరిక మిగిలే ఉంది. ఆ అయిదు నిమిషాలనూ వృథా అని, పన్నెండో రోగిని కూడా ఇరికించమని ఎవరైనా అన్నారంటే, ఆ లెక్క ప్రకారం బయటి వరుసకు ఇక అంతుండదు. ఎందుకంటే మధ్యలో ఎవరూ రాని ఓ పది నిమిషాలు పోతే పోయినట్టే, వాటిని మూటగట్టి దాచి, గుంపు వచ్చినప్పుడు వాడుకోలేం. గుంపు మాత్రం తర్వాతి గంటలోకి, ఆ తర్వాతి గంటలోకి పాకుతూనే ఉంటుంది. పొద్దున్న తలుపు తీసేసరికే వసారా నిండిపోయే చోట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

సామర్థ్యమంటే ప్రతి నిమిషాన్నీ పనితో నింపడమన్న నమ్మకం మనలో బాగా నాటుకుపోయింది. ఖాళీగా కనిపించే గుమాస్తా, ఖాళీగా కనిపించే కుర్చీ, ఖాళీగా కనిపించే సాయంత్రం, అన్నీ దండగమారి లెక్కలోకే వెళతాయి. ఈ నమ్మకం ఎక్కడ నుంచి బలం పుంజుకుంది? రిజిస్టర్ల నుంచేనని నేననుకుంటాను. డాక్టరు ఎందరిని చూశారో ఏ పూటకాపూట రాసిపెడతారు. బయట బెంచీ మీద ఎవరెంతసేపు కూర్చున్నారో రాసే పుస్తకం లేదు. 5 నిమిషాల ఖాళీ ఒక మనిషిది, జీతం లెక్కలో కనబడుతుంది. 55 నిమిషాల నిరీక్షణ పదకొండుమందిది, అంటే గంటకు పది గంటల మానవ సమయం, ఏ ఖాతాలోనూ పడదు. ఆ పదకొండుమందిలో రోజు కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లుంటారు, జ్వరంతో మసులుతున్న పిల్లను ఒళ్లో వేసుకున్న తల్లి ఉంటుంది. గణితం వల్ల నాకు కనిపించే మొదటి మేలు, ఈ రాయని ఖాతాను తెరిచి చూపించడం.

దీనికి బలమైన అభ్యంతరమే ఉంది. డాక్టర్లే తక్కువైన దేశంలో ఖాళీ ఉంచండని చెప్పడం కడుపు నిండినవాడి మాట కాదా? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆస్పత్రి దీనికి ఒక జవాబు చూపించింది. అక్కడ శుక్లాల ఆపరేషన్ గదిలో ఒక్కో సర్జన్‌కు రెండు బల్లలుంటాయి. ఒక బల్ల మీద శస్త్రచికిత్స జరుగుతుండగానే పక్క బల్ల మీద తర్వాతి రోగి సిద్ధంగా ఉంటారు. మొదటిది ముగియగానే మైక్రోస్కోపు అటు తిరుగుతుంది, సర్జన్ అటు తిరుగుతారు. ఒక్కో సర్జన్ ఏడాదికి రెండువేల దాకా ఆపరేషన్లు చేయగలగడంలో ఈ ఏర్పాటుకు పెద్ద వాటా ఉంది. ఇక్కడ ఖాళీ లేకుండా పోలేదు, చోటు మారింది. అన్నిటికన్నా అరుదైనది సర్జన్ సమయం కాబట్టి దాన్ని ఆగనివ్వలేదు. బల్లను ఆగనిచ్చారు, సిద్ధం చేసిన పరికరాల పళ్లేన్ని ఆగనిచ్చారు. అయినా సర్జన్‌కు తీరిక లేనప్పుడు వరుస పెరిగిపోవాలి కదా, ఇందాకటి లెక్క ఏమైంది? శుక్లాల ఆపరేషన్ ఒక్కొక్కటీ దాదాపు ఒకే నిడివిలో సాగుతుంది, రోగులు ముందే నిర్ణయించిన వరుసలో వస్తారు. ఎగుడుదిగుళ్లు అణిగిన చోట ఖాళీ తక్కువైనా చెల్లిపోతుంది. మన ఊహా ఓపీలో కూడా ప్రతి రోగికీ సరిగ్గా 5 నిమిషాలే పడితే, రాకలు అలాగే ఉన్నా, 55 నిమిషాల నిరీక్షణ సగానికి పడిపోతుంది. అయితే జ్వరాలూ కడుపునొప్పులూ శుక్లాల్లా ఒకే తీరున రావు. కాబట్టి ఏ పని సమంగా సాగుతుందో, ఏది సాగదో వేరుచేసి చూడకుండా అన్ని చోట్లా ఒకే కొలత పెట్టడం తప్పు. ఓపీ డాక్టరుకు మిగిలే ఆ అయిదు నిమిషాల్ని కేసు షీట్లు రాయడానికి వాడుకోవచ్చు. ఎప్పుడైనా పక్కన పెట్టగల పనితో నింపిన ఖాళీ, గుంపు వచ్చినప్పుడు మళ్లీ ఖాళీయే.

ఇంకొన్ని మార్పులకు మనుషులు గానీ డబ్బు గానీ అక్కర్లేదు. పక్కపక్క గదుల్లో ఇద్దరు డాక్టర్లు, ఒక్కొక్కరి ముందు ఒక్కో వరుస, ఒక్కొక్కరికీ గంటకు పదకొండుమంది. రెండు వరుసల్నీ కలిపి ఒక్కటి చేసి, ముందున్న మనిషిని ఏ గది ఖాళీ అయితే ఆ గదికి పంపితే, సగటు నిరీక్షణ 55 నిమిషాల నుంచి సుమారు 26కి దిగుతుంది. అదే ఇద్దరు, అదే రోగులు. విడివిడి వరుసల్లో ఒక గది ముందు ఎవరూ లేకపోయినా పక్క గది ముందు పదిమంది పడిగాపులు కాయడం జరుగుతుంది. కలిపితే అది జరగదు. చూడడానికి మాత్రం ఆ ఒక్క వరుస భయపెట్టేంత పొడుగ్గా ఉంటుంది. కళ్లకు కనబడేదానికీ లెక్క చెప్పేదానికీ ఇక్కడ చుక్కెదురు, పక్క వరుస గురించిన దిగులు కూడా ఇక్కడితో పోతుంది, పక్క వరుసే లేదు కనుక. జిరాక్స్ షాపు దగ్గర ఇంకో ముచ్చట. మూడొందల పేజీల పుస్తకం ఇచ్చినాయన ముందుంటాడు, వెనక ఇద్దరు తలా ఒక ఆధార్ కాపీ కోసం. “ఒక్క పేజీయే అన్నా, కాస్త ముందు తీసుకోనిస్తావా?” అని అడిగే మనిషికి గణితం తన పక్షాన ఉందని తెలియకపోవచ్చు. పుస్తకానికి 30 నిమిషాలు, కాపీకి ఒక నిమిషం అనుకుంటే, వచ్చిన వరుసలోనే చేస్తే ముగ్గురూ కలిసి గడిపే సమయం 93 నిమిషాలు. చిన్న పనులు ముందు చేస్తే 35. పుస్తకమాయనకు పోయేది రెండే నిమిషాలు. రోజంతా చేయాల్సిన పనుల చిట్టా ముందేసుకుని కూర్చున్నప్పుడు కూడా ఈ లెక్కే పనిచేస్తుంది. మన జవాబు కోసం ఇతరులు ఆగివున్న చిన్న పనులు ముందు తెమిల్చితే, మన శ్రమ అంతే ఉండి, లోకంలో ఆగివున్న మనుషులు తగ్గుతారు.

అయితే ఒక్క పేజీ వాళ్లు వస్తూనే ఉంటే? పుస్తకమాయన సాయంత్రం దాకా నవ్వుతూ నిలబడాలా? ఇక్కడ లెక్కకు న్యాయం అడ్డొస్తుంది, రావాలి కూడా. ముందొచ్చినవాడికి ముందు అన్న నియమం వేగంలో ఓడిపోవచ్చు గానీ, ప్రతి మనిషి సమయమూ సమానమేనని అది గట్టిగా చెబుతుంది. కంప్యూటర్ల లోపల పనుల్ని వరుసపెట్టే ప్రోగ్రాములకూ ఈ చిక్కు ఎదురైంది. చిన్న పనుల్ని ముందు తీసుకుంటూనే, ఎక్కువసేపు ఆగిన పనికి ఆగినకొద్దీ ప్రాధాన్యం పెంచుతూ పోవడం అక్కడ కనిపెట్టిన ఉపాయం. మంచి జిరాక్స్ షాపతను ఇద్దరు ముగ్గుర్ని వదిలి, నాలుగో మనిషితో “ఆగమ్మా, ఈయన చాలాసేపయింది” అనడంలో ఉన్నదీ ఆ ఉపాయమే. ఎవరి నిమిషం ఎంత విలువైనదో గణితం చెప్పలేదు. ఒక పద్ధతి ఎంచుకుంటే ఎవరి నిమిషాలు ఎవరికి బదిలీ అవుతాయో మాత్రం దాచకుండా చెబుతుంది. సిఫారసు ఉత్తరంతో పక్క తలుపు నుంచి లోపలికి వెళ్లే మనిషి ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదనుకుంటాడు. వెనక వందమంది ఉంటే, అతను తీసుకున్న ప్రతి నిమిషమూ వంద నిమిషాలు.

మనుషులు సగటులు కారన్న మాట కూడా వినవస్తుంది. అది సత్యం, అందుకే ఈ గణితం సగటు దగ్గర ఆగదు. అయినా ఒక్క సగటు తెలిసినా ఎంత ఊరటో తిరుమలలో కనిపిస్తుంది. సర్వదర్శనానికి ఇన్ని గంటలు పడుతోందని, కంపార్ట్‌మెంట్లు నిండి వరుస శిలాతోరణం దాకా వచ్చిందని తెలుగు పత్రికలు రోజూ రాస్తాయి. వరుసలో ఉన్నవాళ్ల సంఖ్యను గంటకు ఎంతమంది దర్శనం చేసుకుంటున్నారన్న సంఖ్యతో భాగిస్తే నిరీక్షణ వస్తుంది. లోపల 42,000 మంది, గంటకు 3,500 మంది కదులుతుంటే 12 గంటలు. వినడానికి చిన్నపిల్లల భాగహారంలా ఉంటుంది, కానీ రాకలు ఎలా ఉన్నా, సేవ ఎలా సాగినా, దీర్ఘకాలపు సగటుగా ఇది నిలుస్తుందని అమెరికాలో జాన్ లిటిల్ నిరూపించింది 1961లో. ఈ సమీకరణంలో తిప్పగలిగే మరలు రెండే. కదలిక పెంచడం ఒకటి. లఘు, మహాలఘు దర్శనాలు వచ్చింది అందుకే, కనురెప్పపాటు దర్శనం అన్న బాధ కూడా అక్కడి నుంచే. లోపలున్నవాళ్లను తగ్గించడం రెండోది. వేళ రాసిన టోకెన్లు చేసేది అదే. టోకెన్ వల్ల స్వామి ముందు ఒక్కరు కూడా అదనంగా కదలరు. కంపార్ట్‌మెంట్లో గడవాల్సిన గంటలు మనిషి చేతికి తిరిగొస్తాయి, అంతే. ఆ అంతే అన్నది చిన్నదేం కాదు. ఊరికే కూర్చున్న నిరీక్షణ పనిలో గడిచిన నిరీక్షణ కన్నా పొడుగ్గా తోస్తుందనీ, ఎంతసేపో తెలియనిది తెలిసినదానికన్నా భారమనీ డేవిడ్ మైస్టర్ 1985లో, వరుసల్లో మనుషుల మనస్తత్వం గురించిన వ్యాసంలో, రాశాడు. పిల్లలతో కొండెక్కిన ఎవరికైనా ఇది తెలిసిన సంగతే.

ఇలా ప్రతిదానికీ లెక్కలు వేసుకుంటూ పోతే బతుకులో రుచి మిగులుతుందా అని అడిగేవాళ్ల మీద నాకు గౌరవముంది. నిమిషాలు మిగిల్చి వాటిలో ఇంకో పని కూరడమే ఉద్దేశమైతే రుచి మిగలదు. కానీ ఇంతదూరం నడిచొచ్చిన ఈ లెక్క చెబుతున్నది దానికి తిరగబడ్డ మాట. రోజును అంచులదాకా నింపితే, ఒక ఫోన్ కాల్, ఒక టైరు పంక్చరు, బడి నుంచి త్వరగా వచ్చిన ఒక పిల్లవాడు చాలు, ఆ గుంపు రాత్రి దాకా పాకడానికి. ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడాల్సి రావడం మర్యాద లేక కాదు, ఆ రోజులో గంటకు 5 నిమిషాలు కూడా మిగలక.

ఈ విద్య చేతులెత్తేసే చోటు ఒకటుంది, అది కూడా మన దగ్గరే చూడవచ్చు. యూరియా కొరత వచ్చిన ఏడాదుల్లో సొసైటీ గోడౌన్ ముందు తెల్లవారకముందే వరుస మొదలవుతుంది. వరుసలో మనుషులుండరు, చెప్పులుంటాయి. జత వెనక జత, కొన్నిచోట్ల పాస్‌బుక్కులు, వాటి మీద ఎగరకుండా ఒక రాయి. రైతులు చెట్టు కింద కూర్చుని ఉంటారు. ఎవరూ నేర్పకుండానే వాళ్లు వరుసలోని చోటును ఒంటి నుంచి విడదీశారు. తిరుపతిలో వేళ రాసిచ్చే టోకెన్ చేసే పని ఇక్కడ అరిగిన హవాయి చెప్పు చేస్తోంది. వరుసలు కలిపినా, చిన్న అవసరాల్ని ముందు తీర్చినా, వేళలు పంచినా, ఐదువందల జతలున్న చోటికి మూడువందల బస్తాల లారీ వస్తే ఎర్లాంగ్ సూత్రాలు అక్కర్లేదు. ఒక్క తీసివేత చాలు. ఆ తీసివేత వరుసలో వేయాల్సింది కాదు, విత్తనం వేయకముందు ఇంకెక్కడో వేసి ఉండాల్సింది. ఎండ ఎక్కుతుంది, చెప్పులు వేడెక్కుతాయి, ఎవరో లేచి వచ్చి తన జతను రెండంగుళాలు ముందుకు జరిపి మళ్లీ నీడకు వెళతారు.